తలుపు మూసి పెట్టిన అన్నం

దయ్యాల వార్తలు రాయడం ఒకప్పుడు నా ఉద్యోగంలో భాగం. కౌలాలంపూర్‌లో ఒక దినపత్రికలో రిటైరయ్యేదాకా విలేకరిగా పనిచేశాను. చైనావాళ్ళు పోయినవాళ్ళకు భోజనాలు పెట్టే నెల వచ్చిందంటే చాలు, ఎడిటర్ నన్ను పిలిచి ఏదో ఒక ఫ్లాటుకో, మూతబడ్డ బడికో పంపేవాడు. ప్రతిసారీ వెళ్ళాను. ప్రతిసారీ ఏదో ఒక కారణం దొరికింది. ఒకచోట నీళ్ళ గొట్టంలో గాలి. ఒకచోట పైకప్పులో కాపురం పెట్టిన పునుగుపిల్లి. ఇంకోచోట అద్దె తగ్గించుకోవాలని చూసిన పెద్దమనిషి. దయ్యం ఉందని ఫోన్ చేసేవాళ్ళకు ముందు ప్లంబర్‌ని పిలిపించుకోమని చెప్పేవాణ్ణి.

అందుకని ఇది రాయడానికి చాలా కాలం వెనకాడాను. నేను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబుతాను. కారణం మాత్రం అడగొద్దు.

మా చిన్నమ్మ పేరు సన్యాసమ్మ. మా నాన్న తమ్ముడి భార్య. తెలుక్ ఇంటాన్ దగ్గర రబ్బరు తోటలో పుట్టి, అదే తోటలో పాల కోసం చెట్లు గీసి, తోట పోయాక టౌనులో చిన్న అద్దె ఇంట్లో స్థిరపడింది. పిల్లలు లేరు. చిన్నాన్న పోయాక ఒక్కతే ఉండేది. మొన్నామధ్య స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది గాని, ఇక ఒంటరిగా ఉండకూడదని డాక్టర్లు చెప్పారు. ఆమె ఆస్పత్రిలో ఉండగానే ఇంటిగలాయన ఇల్లు అమ్మకానికి పెట్టాడు.

మేముండేది బ్రిక్‌ఫీల్డ్స్‌లో, లిఫ్టు లేని పాత ఫ్లాటులో. నా భార్య లక్ష్మికి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని ఆ మెట్లు ఎక్కించడం, దించడం మావల్ల కాదు. అందుకే క్లాంగ్‌లో ఒక వృద్ధుల హోమ్ చూశాను. చిన్నమ్మ ఒప్పుకుంది. కారులో వచ్చినంతసేపూ నన్ను ఏడిపిస్తూనే ఉంది.

"ఏటిరా అప్పన్నా, పోర్ట్ క్లాంగ్ పక్కనే అంటన్నావు. మా తాత ఆ రేవులోనే ఓడ దిగినాడు. నన్ను మళ్ళీ అక్కడే ఎక్కించేస్తావేటి?"

"ఓడలు ఇప్పుడు కంటైనర్లకే చిన్నమ్మా. మనుషుల్ని ఎక్కించుకోరు."

"ఐతే కంటైనర్లో ఎట్టి పంపు లా. కిటికీ ఉన్నది సూడు." ఆ "లా" ఇక్కడ ఏ భాషవాళ్ళ మాట చివరైనా తగిలే మలయ్ తోక.

మధ్యలో ఒక బంకు దగ్గర ఆపితే వడలు తిని, టీ తాగింది. మనిషి హుషారుగానే ఉంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు ఆమెకు ఆకలి బాగానే ఉంది.

హోమ్ ఒక అంతస్తు బంగళా. నడిపేది మిసెస్ లిమ్ అనే రిటైరైన నర్సు. చిన్నమ్మకు వెనకవైపు గది ఇచ్చారు. అంతకుముందు అది సామాన్ల గది. కొత్తగా గచ్చు వేయించి, స్నానాలగది కట్టించి, మంచం వేశారు. అందులో ఎవరూ ఉండలేదు, ఎవరూ పోలేదు. ఈ సంగతి నేను తర్వాత గట్టిగా అడిగి తెలుసుకున్నాను.

మిసెస్ లిమ్ తన పద్ధతులు గర్వంగా చెప్పింది. తలుపు తట్టకుండా ఎవరి గదిలోకీ ఎవరూ వెళ్ళకూడదు. ముసలివాళ్ళకూ మర్యాద ఉంటుంది కదా అంది. కొత్తగా వచ్చినవాళ్ళకు హాల్లో అందరి మధ్యా తినడం మొహమాటంగా ఉంటుంది కాబట్టి, కొన్నాళ్ళు భోజనం గదిలోకే పంపిస్తారు. పెట్టాక తలుపు మూసేస్తారు. ఎందుకంటే ఆ హోమ్‌లో మిస్టర్ ఓంగ్ అనే ముసలాయన ఉన్నాడు. భార్య పేరుతో సహా అన్నీ మరిచిపోయాడు, ఆకలి తప్ప. తెరిచిన తలుపు కనబడితే లోపలికి వెళ్ళి ఎవరి పళ్ళెంలోదైనా తినేస్తాడు.

రెండూ మంచి పద్ధతులే అనిపించింది. సంతోషంగా ఇంటికి వచ్చాను.

చిన్నమ్మను చూసుకునే అమ్మాయి పేరు యాంతి. జావా మనిషి. నేను రోజూ ఫోన్ చేసి భోజనం సంగతి అడిగేవాణ్ణి. "హబిస్, అంకుల్" అనేది. పళ్ళెం ఖాళీ అని అర్థం. రోజూ అదే జవాబు.

తర్వాత మిసెస్ లిమ్ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. చిన్నమ్మకు షుగర్ పడిపోతోందనీ, పొద్దున చేతులు వణికి మంచం మీద వాలిపోయిందనీ, బట్టలు వదులైపోయాయనీ చెప్పింది. హోమ్‌కి వచ్చే డాక్టరు పరీక్ష చేసి, ఈవిడ అన్నం తినడం లేదన్నాడట. తింటోందని యాంతి, లేదని డాక్టరు. ఆమె ఎప్పటినుంచో వేసుకునే షుగర్ మాత్రలు ఆపేశారు. అయినా ఇలాగే నీరసించిపోతే ఆస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందన్నాడు. తర్వాత మిసెస్ లిమ్ నర్సులాగా కాక, మామూలు మనిషిలాగా చెప్పింది. "అంకుల్, ఈ వయసులో గొట్టం కోసం వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను ఎక్కువ చూడలేదు."

మర్నాడే వెళ్ళాను.

చిన్నమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసి లేచి కూర్చోబోయింది, కుదరలేదు.

"అన్నం తింటున్నావా చిన్నమ్మా?" అన్నాను.

"నాకు పెడితే కదరా తినడానికి."

"రోజూ పెడుతున్నారు కదా."

"నాకు పెడతన్నారేటి? తలుపు మూసేసి ఎల్లిపోతన్నారు. కాసేపయ్యాక వచ్చి తలుపు కొడతన్నారు. అలాగ ఎవుళ్ళకి పెడతారో నీకు తెల్దా? నువ్వు తెలుగోడివి కాదేటి?"

అప్పుడు అర్థమైంది.

దీపావళి ముందు రోజు ఇక్కడి మా తెలుగు ఇళ్ళలో పెద్దలకు పెడతాం. పోయినవాళ్ళు ఇష్టంగా తిన్నవన్నీ వండి ఆకులో వడ్డిస్తాం. దీపం వెలిగించి, అందరం బయటికి వచ్చి తలుపు మూసేస్తాం. లోపల వాళ్ళు తింటారు. వాళ్ళు తింటుంటే చూడకూడదు. కొంతసేపయ్యాక ఇంటిపెద్ద తలుపు తట్టి, అప్పుడు తెరుస్తాడు. ఆ తట్టేదాకా బతికున్నవాళ్ళు ఎవరూ ఆ మెతుకు ముట్టకూడదు. నా చిన్నప్పుడు వడ కోసం తొందరపడి తలుపు తోసినందుకు తొడపాశం తిన్నాను.

ముసలివాళ్ళ మర్యాద కోసం మిసెస్ లిమ్ పెట్టిన పద్ధతి, అచ్చంగా మేము చచ్చిపోయినవాళ్ళకు అన్నం పెట్టే పద్ధతి. పూటపూటా ఆ గదిలో తలుపు మూసి అన్నం పెడుతున్నారు. చిన్నమ్మ గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, తట్టేదాకా ఆగుతోంది. వరండాలో అందరితో పాటు ఇచ్చే మైలో పాలు, బిస్కట్లు మాత్రం తీసుకుంటోంది. వాటితోనే బతికింది.

నాకు పెద్ద బరువు దిగినట్టయింది. నవ్వొచ్చింది కూడా. విషయమంతా ఆమెకు వివరించాను. ఇది ఇక్కడి పద్ధతి, నీ మర్యాద కోసమే, ఆ అన్నం నీకే అన్నాను.

చిన్నమ్మ ఓపిగ్గా విన్నది. తర్వాత నా మొహంలోకి చూసి అడిగింది.

"సర్లేరా. మరి తిన్నోళ్ళెవుళ్ళు?"

పళ్ళెం రోజూ ఖాళీగానే బయటికి వచ్చింది.

"నానే పిలిసినాను" అంది చిన్నమ్మ. "ఆస్పత్రి నుంచి ఓ సారి ఇంటికి తీసుకెళ్ళినావు కదా, సామాన్లు సర్దడానికి. అప్పుడు గుమ్మంలో కూకుని పిలిసినాను. ఇల్లు ఒగ్గేసినప్పుడు పిలవకపోతే ఆళ్ళు ఆ ఖాళీ కొంపలోనే ఉండిపోరేటి? మీ సిన్నాన్న, మా అత్తా మావా, అందరికీ సెప్పినాను, నాతో రండి అని. వచ్చినారు. ఇక్కడ రోజూ పిలిసి పెడతన్నారు, తింటన్నారు. ఆళ్ళ నోటికాడది నాను లాక్కోనా?"

నేను హాల్లోకి వచ్చి కూర్చుని, నా పాత పద్ధతిలో ఆలోచించాను. ఒకటి, ఆమే తిని మరిచిపోతోంది. కాని ఆమెకు మతిమరుపు లేదు, పైగా ఒళ్ళు చిక్కిపోవడం కళ్ళకు కనబడుతోంది. రెండు, మిస్టర్ ఓంగ్. కాని ఆయన తింటే నేలంతా మెతుకులే, చొక్కా అంతా కూరే. మూడు, యాంతి తినేయడమో పారేయడమో. ఆ అమ్మాయిని మిసెస్ లిమ్ ముందే నిలదీసింది. ఆమె ఏడ్చి, ఖురాన్ మీద ప్రమాణం చేస్తానంది. నాలుగు, ఎలుకలు, పిల్లులు.

మధ్యాహ్నం భోజనానికి నేనే ఉంటానని మిసెస్ లిమ్‌తో చెప్పాను.

వాన మొదలైంది. ముందుగా గదంతా వెతికాను. మంచం కింద, బట్టల బీరువాలో, స్నానాలగదిలో చూశాను. కిటికీకి ఇనుప చువ్వలు, వాటికి బయట దోమల వల. వల ఎక్కడా చిరగలేదు. పైన కాంక్రీటు కప్పు. పళ్ళెం నేనే పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. మెత్తగా ఉడికించిన అన్నం, పప్పు, క్యాబేజీ, వేయించిన చేప ఒకటి. చిన్నమ్మను చక్రాల కుర్చీలో బయటికి తెచ్చాను. తలుపు మూశాను. తలుపుకు ఆనించి కుర్చీ వేసుకుని, వీపు దానికే ఆన్చి కూర్చున్నాను. గదికి ఇంకో దారి లేదు.

యాంతి ఎదురుగా బల్ల మీద తువ్వాళ్ళు మడతపెడుతోంది. మిస్టర్ ఓంగ్ హాల్లో టీవీ ముందు నిద్రపోతున్నాడు. నేను కూర్చున్న చోటి నుంచి కనబడుతున్నాడు. మిసెస్ లిమ్ తన గదిలోంచి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. చిన్నమ్మ చీర కొంగు తలమీదికి లాక్కుంది.

చాలాసేపు ఏమీ లేదు. వాన చప్పుడు, టీవీ చప్పుడు, లోపల పాత ఫ్యాను తిరిగేటప్పుడు చేసే కిర్రుమనే చప్పుడు. ఇంత వయసొచ్చి నేనేమిటి ఇలా తలుపుకు కాపలా కూర్చున్నాను అనిపించింది.

ఫ్యాను ఆగిపోయింది.

కరెంటు పోయిందనుకుని హాల్లోకి చూశాను. టీవీ నడుస్తూనే ఉంది. ఫ్యాను స్విచ్చి గదిలోపల, మంచం పక్క గోడకు ఉంది.

"కూకున్నారు" అంది చిన్నమ్మ, చాలా మామూలుగా.

యాంతి చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. నా వీపు తలుపుకు ఆనే ఉంది. అవతల నుంచి అడుగు చప్పుడు గాని, గిన్నె చప్పుడు గాని రాలేదు. వచ్చిందని రాస్తే కథ బాగుంటుంది గాని, రాలేదు. లేచి తలుపు తెరవొచ్చు. అదే కదా నేను చేయాల్సింది. చేయి గడియ మీద వేశాను కూడా.

"ఒద్దురా" అంది చిన్నమ్మ. "తింటన్నప్పుడు సూడకూడదు."

తెరవలేదు. ఎందుకు తెరవలేదని లక్ష్మి ఇప్పటికీ అడుగుతుంది. భయమేసిందంటే సరిపోదు. ఎవరో భోంచేస్తుంటే లోపలికి తోసుకుపోవడం తప్పనిపించింది. అంతే.

తర్వాత ఫ్యాను మళ్ళీ కిర్రుమంది.

"లేసినారు. ఇప్పుడు కొట్టు."

తలుపు తట్టాను. తెరిచాను. అందరం ఒకేసారి చూశాం.

పళ్ళెం ఖాళీ. పప్పు, క్యాబేజీ లేవు. చేప ముల్లు తలతో సహా విరక్కుండా ఒక పక్కకు పెట్టి ఉంది. దాన్ని ఒలిచిన తీరు చూస్తే పిల్లి పనో ఎలుక పనో కాదు. బల్ల మీద ఒక్క మెతుకు పడలేదు. పళ్ళెం అంచున మాత్రం ఒక అన్నం ముద్ద ఉంది. నిమ్మకాయంత. చేత్తో నొక్కి చేసిన ముద్ద. దాని మీద వేళ్ళ గుర్తులు.

నేను మొదట చూసింది చేతుల్ని. యాంతి చేతులు పొడిగా ఉన్నాయి. చిన్నమ్మ చేతులు కొంగులో ఉన్నాయి. మిసెస్ లిమ్ ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత రెండు చేతులూ జోడించింది. అలవాటు కొద్దీ ఫోను తీసి ఫొటో తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. ఎవరికి చూపించినా, ఎవరో భోంచేసిన పళ్ళెం కదా, అంటారు. నిజమే, అంతకంటే అందులో ఏమీ లేదు.

చిన్నమ్మ కుర్చీని తనే తోసుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ ముద్దను చూసి ఆమె మొహం మారిపోయింది.

"మా అత్త" అంది. "తోటలో నాను రబ్బరు పాలు కాటా ఎట్టించుకుని ఆలిస్సంగా వచ్చీదాన్ని. కుండలో అన్నం అయిపోయినా, ఆయమ్మ కంచంలో నాకో ముద్ద ఉండీది. ఎవుళ్ళకీ ఇచ్చీది కాదు."

ఆ అత్త అంటే మా నాయనమ్మ. నేను పుట్టకముందే పోయింది. చిన్నమ్మ మాట నిజమో కాదో చెప్పడానికి మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

చిన్నమ్మ ముద్ద తీసుకుంది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. "వద్దు చిన్నమ్మా, అది ఏమిటో, ఎవరు ముట్టుకున్నారో..."

"ఇడిసిపెట్టరా" అంది. కోపంగా కాదు. "మిగిల్సినారంటే నన్ను తినమన్నారు. ఇదొక్కటే నాకు పెట్టింది."

వదిలేశాను. తిన్నది. నెమ్మదిగా, కళ్ళు మూసుకుని తిన్నది. నేను అక్కడే నిలబడి, ఆమెకు ఏమైనా అవుతుందేమోనని చూస్తున్నాను. ఏమీ కాలేదు. వేలికంటిన మెతుకు కూడా నాకి, యాంతివైపు తిరిగి పళ్ళెం చాచింది. "నాసి లగి. ఇంకొంచెం తేయే గుంటా."

యాంతి పరిగెత్తింది. తలుపు తెరిచే ఉంచి, అందరి ఎదుటా చిన్నమ్మ అన్నం తిన్నది.

మిసెస్ లిమ్‌కి ఈ ఆచారం గురించి క్షమాపణగా ఏదో చెప్పబోయాను. ఆమె ఆపేసింది. "ఇది మీవాళ్ళకే అనుకుంటున్నారా, అంకుల్? మా నాన్నకు ఏటా నేనూ పెడతాను లా. కాకపోతే మా నాన్న ఎప్పుడూ పళ్ళెం ఖాళీ చేయలేదు." నవ్వడానికి ప్రయత్నించింది. ఆ సాయంత్రమే పనివాళ్ళందరికీ చెప్పింది, సన్యాసమ్మ గదికి భోజనం పోదు, తలుపు తట్టకూడదు, పేరు పెట్టి పిలవాలి అని.

చిన్నమ్మ ఇప్పుడు హాల్లో మిస్టర్ ఓంగ్ పక్కనే కూర్చుని తింటుంది. ఆయన చెయ్యి తన పళ్ళెంవైపు వస్తే చెంచాతో ఒక్కటి వేస్తుంది. "పోడా, తాతా! నీది నువ్వు తిను" అని తమిళంలోనూ తెలుగులోనూ తిడుతుంది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు, నవ్వుతాడు. ఆమె ఒళ్ళు చేసింది. ఆస్పత్రి మాట మళ్ళీ రాలేదు. గది మారుస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు.

ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్యాను వైరు ఒకటి వదులుగా ఉందన్నాడు. ఒప్పుకుంటాను. వదులైన వైరు ఫ్యాను ఆపుతుంది, చేప ఒలవదు.

దీపావళి ముందు రోజు చిన్నమ్మ చెప్పినట్టే మా ఫ్లాటులో పెద్దలకు పెట్టాం. "మీ ఇంటి దారి నాను ఆళ్ళకి సెప్పినాను, నువ్వు పెట్టు" అంది. లక్ష్మి అన్నీ వండింది. తలుపు మూసి, ఆగి, తట్టి తెరిచాం. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఎవరింట్లోనైనా అంతే కదా. వాళ్ళు రుచి మాత్రమే తీసుకుంటారని అనుకుని, మిగిలింది మనం తింటాం.

పండగ వడలు పట్టుకెళ్ళినప్పుడు చిన్నమ్మకు ఈ సంగతి చెప్పాను. మా ఇంట్లో ముట్టనివాళ్ళు ఇక్కడ ఎందుకు తిన్నారని అడిగాను.

"ఇంట్లో ఐతే మర్యాదకి ముట్టరు" అంది వడ నములుతూ. "ఇక్కడ ఆకలేసింది. ఎక్కడికొచ్చినారో తెలీక తిరిగినోళ్ళకి ఆకలెయ్యదేటి?"

అది ఆమె లెక్క. నా దగ్గర దానికంటే మంచి లెక్క లేదు. ఎన్నిసార్లు ఆలోచించినా ఆ మధ్యాహ్నం ఎక్కడో ఏదో చూడకుండా వదిలేసి ఉంటాననే అనుకుంటాను, అది ఏమిటో మాత్రం దొరకదు.

వారం వారం క్లాంగ్ వెళ్తూనే ఉన్నాను. చిన్నమ్మ బట్టలు మార్చుకునేటప్పుడో, కునుకు తీసేటప్పుడో ఆ గది తలుపు మూసి ఉంటుంది. నేను తట్టను. బయట నిలబడి "చిన్నమ్మా" అని పిలుస్తాను. లోపలి నుంచి ఆమె గొంతు వినబడేదాకా తలుపు మీద చెయ్యి వేయను.